కంప్యూటరుకు ఆయుధపూజ

కాంట్రాక్టు గడువు దగ్గరపడే కొద్దీ ఎదురొచ్చిన ప్రతివాడికీ నమస్తే పెట్టే రోజులవి. పటాన్‌చెరు దగ్గర ఒక పంటల పరిశోధన సంస్థలో నేను అలాంటి నమస్తేల ఉద్యోగిని. జొన్న, సజ్జ, వరి, మొక్కజొన్నల్లో ఉండే ఒకే జన్యువును పక్కపక్కన పేర్చి, అందులో ఏ అక్షరం ఏ వేగంతో మారుతూ వచ్చిందో లెక్కగట్టడం నా పని. "గా అచ్చరం మారెతందుకు ఎన్ని దినాలు పడతది?" అని అడిగింది అమ్మ. లక్షల ఏళ్ళు పడుతుందన్నాను. "మరి నిన్ను లెక్క నెలాఖరుకే తెమ్మంటరేంది?" అంది.

జన్యువులో అన్ని స్థానాలూ ఒకే వేగంతో మారతాయనుకుంటే లెక్క ఒక్క పూటలో తేలిపోతుంది. కానీ అది అబద్ధం. సంగారెడ్డి షేర్ ఆటోలో డ్రైవరు మారడు, వెనక అంచున కూర్చున్నవాడు స్టాపు స్టాపుకీ మారతాడు. జన్యువూ అంతే. ఒక్కో స్థానానికి ఒక్కో వేగం ఇచ్చి లెక్క కట్టాలంటే అప్పటి కంప్యూటరు వారాల తరబడి నడవాలి. మధ్యలో ఆగితే మళ్ళీ మొదటికొస్తుంది. ఆ ఫలితం చూపిస్తేనే కమిటీ నా కాంట్రాక్టు పొడిగిస్తుందని మా సారు చెప్పేశారు. ఆఫీసులో సాయంత్రానికి అన్నీ కట్టేస్తారు కాబట్టి ఒక పాత కంప్యూటరు అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. లేతు మిషను మీద జీవితమంతా గడిపిన మా నాయిన, కరెంటు పోయినా అది ఆగకుండా ఎక్కడినుంచో బ్యాటరీ, ఇన్వర్టరు తెచ్చి బిగించాడు. ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానునూ దానివైపే తిప్పి, తాను అట్టముక్కతో విసురుకుంటూ పడుకున్నాడు.

అలా మూడో వారంలో పడ్డాం. దసరా వచ్చింది. అమ్మ బంతిపూలకు పంపితే బజారుకెళ్ళి వచ్చాను. తెర నల్లగా ఉంది. డబ్బాకు పసుపు, మూడు కుంకుమ బొట్లు, మౌసు మీద నిమ్మకాయ. ఎదురుగా నాయిన కళ్ళు మూసుకుని చేతులు జోడించి నిలబడి ఉన్నాడు.

"నాయినా, ఇది ఎవరు బంద్ జేసిన్రు?"

"నేనే. దసరా నాడు ఏ మిషిన్ తిరగొద్దు గద. జెరసేపు దమ్ము తీసుకోనీ."

"ఆగొద్దని చెప్పిన గదనే."

"కరెంటు పోతే ఆగొద్దన్నవు. దేవుని కోసం ఆగొద్దన్లే. నీ నౌకరి పర్మినెంటు కావాలెనని దానికే మొక్కిన."

గోడకు ఆనుకుని కూలబడ్డాను. మళ్ళీ మొదలుపెట్టే వ్యవధి లేదు. కమిటీ ముందు ఆ ఒక్క పూట లెక్కనే పెట్టాను. "అన్ని స్థానాలకూ ఒకే వేగమా?" అని అడిగారు. ఆయుధపూజ సంగతి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక నీళ్ళు నమిలాను. నెలాఖరుకు గేటు పాసు తిరిగి ఇచ్చేసి, మా సంస్థ బస్సులన్నీ నన్ను దాటిపోతుంటే ఎండలో నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. నా బతుకు ఇంతే అనిపించింది.

నాయిన అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. నా మొహం చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు. మెల్లగా అడిగాడు. "ఆనాడు నేను బంద్ జేసినందుకేనా బిడ్డా?"

"కాదు నాయినా. పోస్టులే లేవంట."

ఆయన ఊపిరి వదిలాడు. "అయితే ఇగ ఫికర్ లేదు. మళ్ళ దసరాకు ఇంకింత గట్టిగ మొక్కుత."

సరేనన్నాను. ఇప్పుడు తలచుకుంటే, అన్ని నెలలు కష్టపడి ఒక్క సరైన లెక్కా చూపించలేకపోయిన ఆ కుర్రవాడు, ఆ సాయంత్రం ఆ ఒక్క అబద్ధం మాత్రం తడుముకోకుండా చెప్పాడు. అందుకు వాడంటే నాకు కొంచెం ముద్దు.