స్లాబు తాగిన నీళ్లు

మా సందు కుళాయి ఎండిపోయింది నా చిన్నప్పుడే. కింద హోటలు, పైన ఇళ్లు ఉండేలా అంత ఎత్తు భవనం మా కర్నూలు పేటలో అదే మొదటిది. దాన్ని కట్టేవాళ్లు మా సందుకు వచ్చే గొట్టానికి తమ పైపు తగిలించుకున్నారు. మేము బిందెలతో ట్యాంకరు వెంట పరుగెత్తుతుంటే, వాళ్లు కొత్త స్లాబు మీద మడులు కట్టి, సిమెంటు గట్టిపడాలని రోజుల తరబడి నీళ్లు నిలబెట్టారు. నేను మొదట చూసిన నీటిమడులు అవే.

పక్కింటి అక్క ఆ స్లాబు తడిపే పనికి పోయేది. ఒక మధ్యాహ్నం సందు పిల్లలందరికీ తలా ఒక గ్లాసు ఇచ్చి పైకి తీసుకుపోయింది. ముంచి పట్టుకోవాలి, తాగకూడదు అని మెట్ల మీదే చెప్పింది. మడి చుట్టూ మమ్మల్ని కూర్చోబెట్టింది.

మేస్త్రీ పరుగున వచ్చాడు. "ఏమ్మే, నీకేమన్నా పిచ్చా? సిమెంటు నీళ్లు అవి! పేగులు కాల్తాయి!"

"మరి యాడ తాగల్లప్పా? మంచినీళ్లన్నీ నీ స్లాబే తాగుతాండాది. శానా దప్పికైనట్టుండాది దానికి!"

కూలీలు పని ఆపి నవ్వారు. నాకు నిజంగానే దాహం. ఒక గుక్క మింగేసి, నాలుక మండి ఏడ్చాను. ఆ ఏడుపుకే మేస్త్రీ బెదిరి స్లాబు మీది పైపు ఊడదీయించాడు. సాయంత్రానికల్లా ఆ పైపుకే భవనం గేటు పక్కన మా సందుకు ఒక కుళాయి పెట్టారు. మర్నాడు అక్కను పనిలోంచి తీసేశారు.

ఇప్పుడు నేను ఆ భవనంలోనే ఫ్లాటు కొనుక్కుని ఉంటున్నాను. ఈమధ్య హోటలు వాకిట్లో భవనం చరిత్రంటూ ఒక ఫలకం పెట్టారు. యజమాని దయతో పేదలకు కుళాయి ఇచ్చాడట. దయా? దోచుకున్న నీళ్లలో కాసిని తిరిగి వదిలితే దయా? అక్క మాట అందులో ఒక్క అక్షరం లేదు. అది తెలిసీ, ఫలకానికి తెర తీసిన రోజు ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టినవాణ్ణి నేను.

ఇప్పుడు ఆ కుళాయి కూడా పీకేస్తారట. కార్లు దిగే అతిథులకు గేటు దగ్గర బిందెలు కనిపిస్తే బాగుండదట. తేల్చడానికి ఆదివారం ఫ్లాట్లవాళ్ల సమావేశం, పైఅంతస్తులో ఈతకొలను పక్కన.

సందు పిల్లలను రమ్మన్నాను. తలా ఒక గ్లాసు తెచ్చుకోమన్నాను. కొలను చుట్టూ వాళ్లతోపాటు నేనూ కూర్చుంటాను. ఆ సిమెంటు మంట ఇంకా నా నాలుక మీదే ఉంది. ఇన్నేళ్లూ నోరు మూసుకుని దాన్ని మింగుతూ వచ్చాను. ఇక మింగను.