తొమ్మిదో కొన

ఉద్యోగ విరమణానంతరం కాప్రాలో ఇల్లు కట్టించిన సంవత్సరమే మా ఆవిడకు కంటి శస్త్రచికిత్స జరిగింది. పడమటి ఎండ మా వసారాలోకి నేరుగా పడేది. ఆ వెలుగు కంటికి తగలరాదని వైద్యుడు గట్టిగా చెప్పాడు. గోడ కడితే గాలి రాదు. వేసవి ముదిరేలోపల అక్కడ సిమెంటు జాలీ లేవాలి.

గోల్కొండ సమాధుల దగ్గర జాలీలలోని నక్షత్రాలను అదివరకే చూసి ఉన్నాను. వృత్తమూ సరళరేఖా తప్ప మరేమీ లేకుండా అంత శోభ సాధించిన ఆ శిల్పులకు, అక్షరాలను చక్రాకారంలో బిగించి పద్యాలల్లిన నేను సహాధ్యాయిననే అనుకున్నాను. అయితే నేను చూసినచోట వారు ఎనిమిది కొనలతో సరిపెట్టారు. రసాలు తొమ్మిది గనుక నా నక్షత్రానికి తొమ్మిది ఉండాలని నిశ్చయించి, మూడు వారాలు శ్రమించి, చదరపు బిళ్లకు నమూనా గీశాను. పూర్వుల లోపాన్ని పూరించిన తృప్తి కలిగింది.

కార్ఖానాలో జాలీలు పోతపోసే వృద్ధ మేస్త్రీ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

“మంచిగున్నది సార్. పక్కన ఇంకో బిళ్ల పెడితే?”

“అదీ ఇలాగే ఉంటుంది.”

“కొనకు కొన కలుస్తలేదు. నాలుగు పక్కల బిళ్లకు తొమ్మిదంటే ఒకటి ఎక్కువైతది. దాన్ని యాడ పెట్టాలె, మీ జేబులనా?”

రససిద్ధాంతం వివరించాను. శ్రద్ధగా విని, “మా అబ్బాజాన్ గివన్నీ చదవలే సార్. ఎనిమిదే పోసిండు. గోడ గోడంత ఒక్క అల్లిక లెక్క ఉండేది” అన్నాడు.

పంతం కొద్దీ తొమ్మిదే పోయించాను. విడిగా ప్రతి బిళ్లా ముత్యమే. వరుసగా పేర్చితే మాత్రం ఒకరితో ఒకరికి మాటల్లేని పండితుల సభలా ఉంది. ఈలోగా ఎండలు ముదిరాయి. మా ఆవిడ నల్ల కళ్లద్దాలతో, మధ్యాహ్నం కాగానే చీకటి గదిలోకి పోయేది.

ఓడిపోవడానికైనా నాకు శాస్త్రాధారం కావాలి. పూర్వాలంకారికులు రసాలెనిమిదే అన్నారనీ, శాంతం తరువాతివారు చేర్చినదనీ ఇంట్లో ప్రకటించాను.

“తీసేసేది శాంతమేగా, తీసేయండి. మనింట్లో దాని జాడ ఎప్పుడుంది?” అంది ఆవిడ.

వారంలో ఎనిమిది కొనల జాలీ లేచింది. చూడవచ్చిన యువ ఇంజనీరు, “చాలా మాడర్న్ డిజైనండీ, ఎవరిది?” అని అడిగాడు. వినయంగా తల వంచుకున్నాను. మా ఆవిడ వసారాలోనే కూర్చుని ఉంది. నల్ల కళ్లద్దాలు లేని ఆమె చూపు ఎంత సూటిగా ఉంటుందో ఆ మధ్యాహ్నం గుర్తొచ్చి, “మేస్త్రీది” అన్నాను.