నట్టలు అనడానికి నామోషీ

ఆ రోజుల్లో నాకు తెలుగు వచ్చనుకునేవాణ్ని. ఎదుటివాళ్లకు రాదని కూడా అనుకునేవాణ్ని. రెండోది లేకపోతే మొదటిదానిలో రుచి ఏముంది. మాది తెనాలి వైపు. నాన్న వ్యాపారం కోసం మమ్మల్ని అల్వాల్ తెచ్చాడు. డిగ్రీ అయ్యాక పశువుల మందులు అమ్మే ఒక చిన్న కంపెనీ నాకు ఉద్యోగమిచ్చింది. ఆఫీసు బేగంపేటలో, గాజు తలుపు వెనక. నా పని మాత్రం అల్వాల్, బోయిన్‌పల్లి చుట్టుపక్కల మేకలు, గొర్రెలు ఉన్నవాళ్ల దగ్గరికి బండి మీద వెళ్లి మా మందుల గొప్ప చెప్పడం. మెడలో కార్డు, భుజాన సంచీ చూసి అందరూ డాక్టర్ సాబ్ అనేవాళ్లు. నేను డాక్టర్‌ని కాను. ఆ సంగతి చెబుదామని రోజూ నోరు తెరిచేవాణ్ని. ఈలోగా వాళ్లు చాయ్ తెచ్చేవాళ్లు, తెరిచిన నోటిని దానికి వాడుకునేవాణ్ని.

మేకల పేగుల్లో చేరి రక్తం పీల్చే పురుగులను ఇక్కడ నట్టలంటారు, వాటికి వేసేది నట్టల మందు. మా కంపెనీ ఆ మందు ఒకటి తయారుచేసి, కరపత్రం రాసే పని నాకు అప్పగించింది. నట్టలు అని రాయడానికి నాకు నామోషీ. ‘జీర్ణకోశ పరాన్నజీవుల నిర్మూలనకు అమోఘమైన ద్రావణం’ అని రాశాను. మా మేనేజరు (గొర్రెను స్లైడు మీద తప్ప చూడని మనిషి, చాటుగా మేం స్లైడు సారు అనేవాళ్లం) చదివి, “చాలా రిచ్‌గా ఉందయ్యా” అన్నాడు. మందు మాత్రం కదల్లేదు. జనానికి చదువు లేకపోవడమే కారణమని ఇద్దరం చాయ్ తాగుతూ తేల్చేశాం. ఒకడు గొర్రెను ఎరగడు, ఇంకొకడు గొర్రెలు కాసేవాళ్ల మాట ఎరగడు. ఆ ఏడాది మాకు ఉత్తమ బృందమని ఒక కప్పు కూడా ఇచ్చారు.

అల్వాల్ దాటాక, ఇంకా ఇళ్లు కట్టని ప్లాట్ల మధ్య మేకల అవ్వ కొట్టం ఉండేది. అవ్వ ఒంటరి మనిషి. ఇరవై మేకలు, అవే ఆమె బతుకు. పొద్దున్నే బోయిన్‌పల్లి మార్కెట్లో పారేసిన క్యాబేజీ ఆకులు ఆటోలో వేసుకొచ్చి వాటికి పెట్టేది. ఆ వానాకాలం ఒక సోమవారం నేను వెళ్లేసరికి మేకలు నీళ్లలా పారుకుంటున్నాయి. ఒక నల్ల మేకకు దవడ కింద నీరు చేరి సంచీలా వేలాడుతోంది.

“నట్టలు పడ్డయి డాక్టర్ సాబ్. ఒక్కటన్న నిలవడేటట్టు లేదు. జెర చూడుండ్రి” అంది అవ్వ.

నేను మేకను చూడలేదు, మాటను చూశాను. “నట్టలు అనకూడదు అవ్వా. పురుగులు అనాలి. కడుపులో పురుగులు.”

“గట్లనే అంట తియ్ సార్. మందియ్యి.”

సంచీలో కరపత్రాలు తప్ప మందు లేదు. బేగంపేటలో మీటింగుకు టైమైపోతోంది. అక్కడ నా కరపత్రాన్ని తెర మీద చూపిస్తారట. “పురుగుల మందు అని అడిగి కొనిపెట్టు. గురువారం వచ్చి నా చేతులతో పట్టిస్తాను” అన్నాను. చీటీ రాసివ్వడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం నా దగ్గర లేకపోయింది.

గురువారం కొత్త సిరంజితో (సూది లేనిది, నోట్లో మందు పోసే పెద్దది) దిగాను. నల్ల మేక లేదు. “నిన్న పొద్దుగాల పోయింది” అని అవ్వ గుడ్డలో చుట్టిన సీసా నా చేతికిచ్చింది. మొదట ఒక తల్లి మేకను పట్టుకుని, మూతి ఆకాశానికెత్తి, సీసా చూడకుండానే మందు సిరంజిలోకి లాగాను. అవ్వ నా మణికట్టు పట్టుకుంది. మేకలను లాగి లాగి బిగిసిన చెయ్యి, కదల్లేకపోయాను.

“ఆగు. ఇది మిర్చి చేన్ల కొట్టే వాసనొస్తుంది.”

“మందన్నాక వాసన ఉంటుంది అవ్వా. మాకు తెలియదా?”

“అట్లయితే మొదలు నువ్వు ఒక గుటక తాగు సార్. నీకేం గాకుంటే మేకకు పోస్తం.”

అప్పుడు చూశాను సీసా వంక. మీద ఎర్రటి గుర్తు, కింద ‘విషం’ అని పెద్ద అక్షరాలు. పురుగుల మందంటే ఊరూరా చేలమీద కొట్టే విషమే. ఆ సంగతి తెనాలిలోనూ అంతే. నట్టలన్న మాట మీది చులకనలో అది నా బుర్రకు తట్టలేదు.

“దుకాణంల ఏమన్నడో ఎరుకేనా?” అంది అవ్వ. “పురుగుల మందియ్యి అంటే సేఠు నా మొకం చూసి, ఇంట్ల అంత మంచిదేనా అవ్వా, కోడలు గిట్ల కొట్లాడిందా అన్నడు. నాకు కోడలే లేదంటి. మేకలకు అంటే, ఒంటిమీద పట్టిన గోమార్లకనుకొని ఇచ్చిండు. నువ్వు చెప్పినవ్ గదా అని నేను సుత తెచ్చిన.”

కొట్టంలోనే కూలబడ్డాను (ఎక్కడ కూర్చున్నానో ప్యాంటు తర్వాత చెప్పింది). “అవ్వా, నేను డాక్టర్‌ని కాదు” అన్నాను. ఎన్నో చాయ్‌ల కింద అణిగి ఉన్న మాట ఆనాటికి బయటపడింది.

“గది తర్వాత చెప్పుకుందాం. పోయి నట్టల మందు తే.”

బండి మీద వెళ్లి, పశువుల మందుల కొట్టు ముందు నిలబడి, వీధంతా వినేట్టు “నట్టల మందు” అని అరిచాను. కొట్టతను తల కూడా ఎత్తకుండా తీసిచ్చాడు. కంపెనీ మాది కాదు. పట్టించిన చేతులూ నావి కావు. అవ్వే ఒక్కొక్క మేకనూ కాళ్ల మధ్య ఇరికించుకుని, బుగ్గ పక్క నుంచి మెల్లగా పోసింది. “తల గంత లేపకు సార్, ఊపిరిల పడ్తది. నువ్వు మేకను మంచిగ పట్టుకో చాలు.” పట్టుకున్నాను. ఇన్నాళ్లూ నేను చూపించిన పద్ధతిలో ఎవరి మేకలు దగ్గాయో తలచుకుంటూ పట్టుకున్నాను. మూడు రోజుల ముందే ఆ మందు అంది ఉంటే నల్ల మేక బతికేదేమో. అవ్వ ఆ మాట అనలేదు. అని ఉంటే కొంచెం తేలికయ్యేది.

అవ్వకు నా నంబరిచ్చి వచ్చాను. ఆ తర్వాత వారం రోజులూ ఫోను మోగితే ఇంకో మేక పోయిందనే అనుకునేవాణ్ని. ఒకరోజు బేగంపేట మీటింగులో స్లైడు సారు ఏదో గీత పైకి పోతోందని చూపిస్తుండగా మోగింది. బల్ల కింద నుంచే ఎత్తాను.

“సార్, పెంటికలు రాలుతున్నయ్. గట్టిగ, గుండ్రంగ, అన్నిటియి.”

“పెంటికలా? గట్టిగానా?” అని కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. గదిలో అందరూ గీతను వదిలి నన్ను చూశారు. ఏమైందయ్యా అని స్లైడు సారు అడిగాడు. మేకల పెంటికలు గట్టిపడ్డాయని చెప్పి కళ్లు తుడుచుకున్నాను. కొందరు నవ్వారు. ఆ రోజు తెర మీద ఉన్న గీత ఏమిటో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. నేనూ ఇప్పుడు గాజు తలుపు వెనకే కూర్చుంటున్నాను, ఫోన్లు చాలా వస్తుంటాయి. కుర్చీలోంచి లేచి నిలబడేంత మంచి వార్త మాత్రం మళ్లీ రాలేదు.