ఒక వీధి పక్కన

రైళ్ళు ఆపి వాటి బదులు బస్సులు నడిపిన రోజు అది. నగర శివార్లలోని వెర్రిబీకి వెళ్ళాల్సిన మా బస్సు గోదాముల మధ్య ఎక్కడో ఆగిపోయింది. డ్రైవర్ కొత్తవాడు. అతని ముందున్న మ్యాప్ తెర మీదా, మా అందరి ఫోన్లలోనూ, మేమున్న చోటు చూపించే నీలిచుక్క సముద్రం మధ్యలో ఉంది.

కంగారులో నేనే లేచి కిటికీలోంచి సూర్యుడి వైపు చెయ్యి చాపాను. "మధ్యాహ్నం కదా, ఎండ ఉన్న వైపే దక్షిణం. వెర్రిబీ దక్షిణం వైపే, అటే పోవాలి."

పక్కసీట్లో ఉన్న హైదరాబాదు పెద్దాయన నా మణికట్టు పట్టుకుని మెల్లగా వెనక్కి తిప్పారు. తాను ఫోన్ టవర్ల ఇంజనీరునని అంతకుముందే చెప్పారు.

"ఈ దేశం భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్నది, ఈడ మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం దిక్కుంటడు బేటా."

ఎనిమిదేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. ఒక్కసారీ తల ఎత్తి చూసుకోలేదు.

"సిగ్నల్ మళ్ళీ వస్తుందంటారా అంకుల్?"

"వస్తది. సముద్రంల చూపెట్టింది కాబట్టి తప్పని తెల్సింది. ఒక్క వీధి పక్కకి చూపెడితే? నమ్మి పోతుంటిమి. మా టవర్లు టైమ్ కూడా ఈ చుక్కని చూపెట్టే శాటిలైట్లనే అడుగుతయి. జర్రంత తేడా చెప్తే ఎవరు పట్టుకుంటరు? నాకు గదే భయం."

కాసేపటికి చుక్క రోడ్డు మీదికి వచ్చింది. బస్సంతా ఊపిరి పీల్చుకుంది. ఆయన మాత్రం కిటికీ వైపు వంగి, సూర్యుడు ఎటున్నాడో మరోసారి చూసుకున్నారు.

ఇప్పుడు చుక్క తప్పుగా కనిపిస్తే నాకు బెంగ లేదు. సరిగ్గా మా వీధి మీదే నిలబడినప్పుడే తల ఎత్తి బయటికి చూస్తాను.