మూడో వాక్యం

నేను ఏ సినిమాకైనా రెండు వాక్యాలే రాస్తాను. శుక్రవారం మార్నింగ్ షో చూసి బయటికొచ్చి, విజయవాడ గాంధీనగర్‌లో టీకొట్టు దగ్గర నిలబడి ఫోన్‌లోనే రాసి నెట్‌లో పెట్టేస్తాను. "అంత కష్టపడి తీసినదాన్ని రెండు ముక్కల్లో తేల్చేస్తారేంటి మేడమ్?" అని అడుగుతుంటారు. కష్టపడి తీస్తే నాకేంటండీ? నేను కష్టపడి చూడలేదా?

ఒక పెద్ద హీరో సినిమాకి ఇలా రాశాను: "హీరో చెయ్యి విసిరితే ముప్పైమంది గాల్లోకి లేచారు. కథ మాత్రం కూర్చున్నచోటే ఉంది." ఉమ్మడి కుటుంబం మీద తీసిన ఒకదానికి: "ఇంట్లో అందరూ మంచివాళ్ళే. ఊపిరాడలేదు." దెయ్యం సినిమాకి: "దెయ్యానికి భయపడలేదు. దాని ఫ్లాష్‌బ్యాక్‌కి భయపడ్డాను." ఒక ప్రేమకథకి: "అమ్మాయి వద్దని ఎన్నిసార్లు చెప్పిందో. అబ్బాయికే కాదు, డైరెక్టరుకీ వినపడలేదు." ఆ పెద్ద హీరో అభిమానులు నన్ను తిట్టిన తిట్లన్నీ మా కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో పైకి చదివి మరీ నవ్వుకున్నాం. అలాగని కనపడినదాన్నల్లా చీల్చి చెండాడే రకాన్ని కాదు. పోస్టర్లు కూడా సరిగ్గా పడని ఒక చిన్న సినిమాకి, "ఇద్దరు మనుషులు, ఒక పాత స్కూటరు, ఆగని వాన. రేపు మళ్ళీ వెళ్తున్నాను" అని రాశాను. వెళ్ళాను కూడా.

ఈ బుద్ధి నాకు మా నాన్న నుంచి వచ్చింది. మాది బందరు దాటాక సముద్రపొడ్డున ఉన్న ఊరు. వేటకెళ్ళిన పడవలు రాగానే ఒడ్డునే చేపల వేలం జరుగుతుంది. మా ఊళ్ళో ఆ పాట మా నాన్న పాడేవాడు. ముందు చేప మొప్ప ఎత్తి లోపలి రంగు అందరికీ చూపించాలి. ఎర్రగా ఉంటే తాజా, పాలిపోయి ఉంటే నిలవది. "ఇవాళ్టిది." "నిన్నటిది." "ఐసులో పడుకుని లేచింది." అంతే, ఆ తర్వాత ఉపన్యాసం ఉండదు, పాట మొదలైపోతుంది. సొంతవాళ్ళ చేపైనా సరే మొప్ప ఎత్తాల్సిందే. ఎత్తకుండా దాటేశాడంటే మర్నాటి నుంచి ఆ మనిషి పాటకి ఎవరూ నిలబడరు. ఒకసారి మా బాబాయి పడవలో చేపకే మొప్ప ఎత్తి "నిన్నటిది" అనేశాడు నాన్న. ఆ వానాకాలమంతా అన్నదమ్ములకి మాటల్లేవు.

నాన్న పోయాక నన్ను చదివించింది ఆ బాబాయే. నేను విజయవాడలో పాఠాలు చెప్పుకుని దర్జాగా బతుకుతున్నానంటే అది ఆయన చలవ. అమ్మ కూడా పోయాక నాకు పుట్టిల్లంటే ఆయన గుమ్మమే.

అలాంటిది, ఆ మధ్య మా ఊరికి సినిమావాళ్ళు దిగారు. వేటకెళ్ళేవాళ్ళ మీద సినిమా అన్నారు. ఊరు ఊరంతా పొంగిపోయింది. బాబాయి హీరోకి వల విసరడం నేర్పాడు. తుఫానులో మునిగి చచ్చిపోయే పడవవాడి వేషం కూడా ఆయనదే. ఫోన్ చేసినప్పుడల్లా అదే ఊసు.

"మనోళ్ళ మీద ఇప్పటిదాకా ఎవడు తీశాడే? నువ్వు బాగా రాయాలి. రెండు ముక్కలు కాదు, పేజీ రాయాలి" అనేవాడు.

విడుదలైన రోజు మార్నింగ్ షో చూశాను. ఒళ్ళు మండిపోయింది. పట్నం నుంచి ఊడిపడ్డ హీరో మావాళ్ళకి గాలివాటం గురించి చెబుతాడు. మావాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టుకుని వింటారు. ఆడవాళ్ళయితే మొదటి నుంచి చివరిదాకా ఏడుపే. మా ఊరి ఆడవాళ్ళ నోటికి జడిసి బేరగాళ్ళు ఆమడ దూరంలో నిలబడతారు, ఏమనుకుంటున్నారో! ఇక తుఫానొస్తే, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఈదుతున్నవాళ్ళు బుడుంగున మునిగిపోతారు. హీరో ఒక్కడే ఈదుతాడు. అక్కడే నిలబడి రాశాను: "సముద్రం మీద బతికేవాళ్ళకి సముద్రమంటే ఏంటో పట్నం కుర్రాడొచ్చి చెప్పాడు. వల తడిసింది, సినిమా తడవలేదు."

సాయంత్రానికి ఊళ్ళో అగ్గి రాజుకుంది. ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు. "పరాయోళ్ళంటే పడేవోళ్ళం. మన పిల్ల అనడమేంటి?" అని ఒక అత్త. "తీసెయ్యమ్మా, నీకు పోయేదేముంది?" అని ఊరి పెద్ద ఒకాయన. "పోయేది ఉందండీ, అందుకే తీయను" అన్నాను. ఆఖరికి బాబాయి చేశాడు.

"తీసేస్తావా, లేదా?"

"తీయను బాబాయ్."

"అయితే నా గుమ్మం తొక్కమాక" అని ఫోన్ పెట్టేశాడు.

ఏడ్చాను. ఏడుస్తూ కూడా తీయలేదు. మావాళ్ళని చేతకాని దద్దమ్మల్లా చూపించారు. మావాళ్ళ మీద తీశారు కాబట్టి చప్పట్లు కొట్టాలా? ఇదెక్కడి న్యాయమండీ? పుట్టిల్లు పోతుందని తెలుసు. అయినా సరే, ఆ రెండు వాక్యాల జోలికి పోలేదు.

తర్వాతి వారం ఒక మధ్యాహ్నం తలుపు తీస్తే ఎదురుగా బాబాయి. పొద్దున్నే బందరులో బస్సెక్కి వచ్చాడట. ముఖం గంటు పెట్టుకుని ఉన్నాడు.

"నీ గుమ్మం నేను తొక్కకూడదు గానీ, నా గుమ్మం నువ్వు తొక్కొచ్చా?" అన్నాను.

"నవ్వమాక. తేల్చుకుపోదామని వచ్చా."

"మా నాన్న నీ చేపకి మొప్ప ఎత్తలా?"

"అది చేపే! ఇది మన పరువు."

"అసలు నువ్వు సినిమా సరిగ్గా చూశావా?"

"బందరులో ఊరందరితో కలిసి చూశా. ఈలల్లో ఒక్క ముక్క వినపడితే ఒట్టు."

"అయితే పద, నా పక్కన కూర్చుని చూద్దువుగాని."

మ్యాట్నీకి తీసుకెళ్ళాను. హాలు దాదాపు ఖాళీ. హీరో వల విసురుతుంటే "నేనిట్టా నేర్పలేదే" అని గొణిగాడు. హీరో గాలివాటం చెబుతుంటే కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. తుఫాను వచ్చింది. తెర మీద బాబాయి మునిగిపోయాడు. ఈసారి ఎవరూ ఈల వెయ్యలేదు.

బయటికొచ్చి టీకొట్టు దగ్గర నిలబడ్డాం. టీ చేతికొచ్చాక, "నాకు ఈత రాదంట" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "సరే గానీ, నా సంగతి రాయలేదేం? నేనెట్టా చేశాను? మొప్ప ఎత్తి చెప్పు."

ఒక్క మంచిమాట అనేస్తే పుట్టిల్లు నిలబడుతుంది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అనలేకపోయాను.

"బాగా చెయ్యలేదు బాబాయ్. ప్రాణం పోతున్నవాడివి పోకుండా, కెమెరా వైపే చూస్తున్నావు."

"చూడనా మరి?" అని ఇంతెత్తున లేచాడు. "ఆ కెమెరా పట్టుకున్నాయనకి అలలో నిలబడటం చేతకాదు. కాళ్ళ కింద ఇసక జారిపోతంది. పడితే పట్టుకుందామని చూస్తన్నా. పడనే పడ్డాడు. నేనే జబ్బ పట్టుకుని ఒడ్డుకి లాక్కొచ్చా."

"అది సినిమాలో లేదుగా బాబాయ్" అన్నాను.

"లేదుగా. అదే రాయి."

పాత రెండు వాక్యాల్లో ఒక్క అక్షరం మార్చలేదు. వాటి కింద, నా జన్మలో మొదటిసారి, మూడో వాక్యం రాశాను: "తెర మీద మునిగిపోయిన ముసలాయనే, తెర వెనక మునిగిపోతున్న కెమెరామన్‌ని ఒడ్డుకి లాగాడు." పైకి చదివి వినిపించాను.

బాబాయి టీ గ్లాసు దించాడు. "ముసలాయనేంటే? ఆ ముక్క తీసెయ్."

"తీయను బాబాయ్."

నన్ను ఎగాదిగా చూశాడు. "మీ నాన్న పోలిక ఎక్కడికి పోద్దిలే" అన్నాడు. బస్సెక్కి కిటికీలోంచి తల బయట పెట్టి, "ఆదివారం ఇంటికి రా, నీ పని చెప్తా" అని అరిచాడు.