దణ్ణం పెట్టే పిల్లాడు

కాకినాడ నుంచి అమలాపురం వచ్చే బస్సులో, నిద్రలేక తూలుతున్న నా పక్కన ఒకావిడ ఆర్నెల్ల పిల్లాడితో కూర్చున్నారు. పిల్లాడు నిద్రలేచి, చేతులు చాపి తల వంచాడు. క్షణాల్లో మళ్ళీ అంతే.

"మర్యాదస్తుడండీ, కండక్టరుక్కూడా దణ్ణం పెడుతున్నాడు," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "మేమూ అలాగే అనుకున్నామండి. నెల్రోజులు చుట్టాలందరికీ చూపించి మురిసిపోయేం. అది మూర్ఛంట. తలకి వైర్లు పెట్టి చూసేరు. మెదడు తరంగాలన్నీ చిందరవందరగా ఉన్నాయంట. ఇంజెక్షన్లు మొదలెట్టేరు. తగ్గకపోతే వీడు నవ్వడం కూడా మర్చిపోతాడన్నారు డాక్టరుగారు."

మా ఇంట్లోవాళ్ళు చూసుంటే, వాళ్ళూ దణ్ణమే అనుకుని పండగ చేసుకునేవారు.

"కాస్త ఈ ఫోన్ పట్టుకుంటారా బాబూ? ఇలా వచ్చినప్పుడల్లా వీడియో తియ్యమన్నారు డాక్టరుగారు. నా చేతులు ఖాళీ లేవు."

"ఆయ్," అన్నాను. చెయ్యి లాగేస్తున్నా, పిల్లాడు ఆగేదాకా తీశాను. మొత్తం ఏడు దణ్ణాలు.

"ఏడేనా?" ఆవిడ ఫోన్ తీసుకుని మళ్ళీ చూసుకున్నారు. "నిన్న పదకొండండి."

ముమ్మిడివరంలో దిగిపోయారు. పేరు అడగలేదు.

ఇప్పటికీ ఎవరింట్లోనైనా పసివాడు దణ్ణం పెడితే అందరూ నవ్వుతారు. నేను మాత్రం, వెంటనే రెండోది వస్తుందేమోనని చూస్తూ ఉంటాను.