సంబురంగా చూసేదానికే ఆ మాట

మా ఇంగ్లిష్ సారు పోయారు. మొన్న పొద్దున కోరుట్ల నుంచి చెల్లె ఫోన్ చేసి, "అక్కా, మన సార్ పోయిండే" అంది. ఫోన్ పట్టుకునే ఏడ్చాను. ఆ వెంటనే నవ్వొచ్చింది. ఏం చేయను, ఆయన యాదికొస్తే నవ్వు ఆగదు!

ఎనభైల నాటి సంగతి. పదో తరగతి ఇంగ్లిష్‌లో రెండుసార్లు తప్పిన ఘనురాలిని నేను. మూడోసారి పరీక్షకు ఫీజు కడుతుంటే అవ్వ, అంటే మా అమ్మ, తెగేసి చెప్పింది. "గీసారి తప్పితే ఇగ సదువు ముచ్చట ఎత్తకు. బీడీల చాట ముందటేస్కొని కూసో." నాకేమో నర్సు ట్రైనింగ్‌కు పోవాలని ప్రాణం కొట్టుకునేది.

మా వెనక వీధిలోనే సారు ఇల్లు. బడి నుంచి వచ్చాక, తప్పినవాళ్లకు సాయంత్రాలు ఊరికే చెప్పేవారు. "బీడీల పని ఇడిచి రాలేం సార్" అని మేం నసిగితే, "చాటలు తెచ్చుకోండ్రి, ఎవలొద్దన్నరు?" అన్నారు. ఇంకేం, అరుగు నిండా మేమే! తునికాకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టేలోపు ఒక వాక్యం చెప్పాలి. బీడీకో వాక్యం. నోరు ఆగితే చేయి కూడా ఆపాలి. చేయి ఆగితే ఇంట్లో తిట్లు. ఆ భయానికి ఇంగ్లిష్ గడగడా వచ్చేసేది.

ఒకరోజు 'లుక్ ఫార్వర్డ్ టు' వంతు వచ్చింది. "ఎదురుచూడటం సార్" అని గైడులో ఉన్నది టక్కున అప్పజెప్పాను.

"ఏడ్సినట్టుంది! బస్సుకు ఎదురుచూస్తవ్, డాక్టరుకు ఎదురుచూస్తవ్. గది కాదు గిది. బతుకమ్మ ఇంక నాలుగొద్దులుందంటే కడుపుల ఎట్లుంటది? గట్ల సంబురంగ చూసేదానికే గీ మాట. చెప్పు, నువ్వు దేనికి చూస్తున్నవ్?"

"ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు ది రిజల్ట్స్ సార్!"

"వాక్యం మంచిగనే ఉంది. గని అబద్ధం. రిజల్టంటే నీకు గజగజ వణుకు. ఇంకోటి చెప్పు."

 నిజంగానే నాకు ముందు సంబరపడేదేమీ కనిపించలేదు. ఒళ్లు మండింది. "మరి మీరు దేనికి చూస్తున్నరు సార్?" అని ఎదురు అడిగేశాను.  సారు తడుముకోలేదు.

"ఆదివారం మటన్ కూరకు!"

చాటలు ఒలికిపోయేలా నవ్వాం. ఆ నవ్వులోనే నా నోట్లోంచి ఊడిపడింది, నర్సు టోపీ పెట్టుకునే రోజుకు చూస్తున్నానని. అంతా ఇంగ్లిష్‌లోనే! ఏ గైడులోనూ లేని వాక్యం! సారు తొడ చరిచి, "గిది నీది పిల్లా!" అన్నారు. ఇంటికి పోతూ దారిలో కనపడ్డ ప్రతివాళ్లకూ ఆ వాక్యం వినిపించాను. ఒక్కరికీ అర్థం కాలేదు, అయినా అందరూ నవ్వారు. నాకు చదువంటే ఇష్టం పుట్టింది ఆ సాయంత్రమే. ఆ ఇష్టం పెట్టినందుకు ఆయనకు ఎన్ని జన్మలైనా రుణపడే ఉంటాను.

రిజల్టు రోజు వచ్చింది. పాసైనవాళ్ల నంబర్లున్న పేపరు మొదటి బస్సుకు వస్తుంది. నేను బస్టాండుకు పోనేలేదు. అవ్వ చాట తెచ్చి నా ముందు పెట్టింది. ఆకు చేతిలోకి తీసుకున్నాను.

అప్పుడు వీధి మలుపులో ఒకటే కేక. "పిల్లా! ఉన్నదే! నీ నంబరున్నదే!"

సారు ఉరికొస్తున్నారు. ఒక కాలికి చెప్పు లేదు, పేపరు గాలికి టపటపా కొట్టుకుంటోంది. వచ్చి మా గడపలో కూలబడి, ఆయాసపడుతూనే పేపరు నేలమీద పరిచారు. ఇన్ని నంబర్లలో నాది మళ్లీ దొరకదేమోనని, బస్టాండు నుంచి దాని మీదే వేలు పెట్టుకుని వచ్చారట.

అక్షరం రాని అవ్వ కూడా వంగి చూసింది. "జర ఏలు తియ్యి సారూ, నా బిడ్డ నంబరు చూస్త."

సారు తియ్యలేదు.